కారెక్కని వారం

రాధాకృష్ణ గారికి నడక మీద పగేమీ లేదు, దానితో అవసరం పడలేదంతే. అమెరికాలోని ఫ్రిస్కోలో ఆయన ఇంటికీ వీధి చివరి పోస్టు పెట్టెలకూ మధ్య ఉన్నవి నాలుగిళ్ళు. ఉత్తరాలు తెచ్చుకోవడానికీ ఆయన కారే తీసేవారు. ఆయన గరాజు తలుపు తెరిచేలోగా భార్య రేణు వెళ్ళి ఉత్తరాలు తెచ్చేసేదని కాలనీలో నవ్వుకునేవారు.

అలాంటి మహానుభావుడు వారం రోజులు కారెక్కనని పందెం కట్టారు. డ్రైవింగ్ రాని పెద్దవాళ్ళను ఆస్పత్రులకు తిప్పే వాలంటీర్ల వ్యాను మూలపడింది. పక్కింటి సుమతి గారు వారానికి మూడుసార్లు డయాలసిస్‌కు వెళ్ళేది ఆ వ్యానులోనే. ఇప్పుడు కూతురు ఆఫీసుకు సెలవు పెట్టి తిప్పుతోంది గాని, ఆ సెలవులూ అయిపోవచ్చాయి. వ్యాను రిపేరుకు చందాలు కావాలి. తెలుగువాళ్ళ వాట్సాప్ గ్రూపులో ఒకాయన మారథాన్ పరుగెడతానన్నాడు, ఇంకొకాయన ఐసు నీళ్ళలో కూర్చుంటానన్నాడు. ఎవరూ చలించలేదు. ఇంతలో ఎవరో, "రాధాకృష్ణ గారు వారం కారెక్కకపోతే నేను డొనేట్ చేస్తా" అని రాశారు. ఇంకేముంది, అందరూ ఎగబడి ఆ మాటకే చందాలు రాశారు. షరతు ఒకటే, ఒక్కసారి కారులో కూర్చున్నా చందాలు చెల్లవు. ఊరుకున్నంత ఉత్తమం లేదని తెలిసీ ఆయన రోషానికి పోయి సరేనన్నారు.

ఆగస్టు నెల. టెక్సస్ ఎండకు గొడుగేసుకుని ఆఫీసుకు నడక మొదలుపెట్టారు. ఎండను ఎలాగో భరించారు గాని జనాన్ని భరించలేకపోయారు. అడుగడుక్కీ ఎవరో ఒకరు కారాపి, "అన్నయ్యగారూ, ఈ ఎండలో ఏంటండీ, ఎక్కండి, డ్రాప్ చేస్తా" అనేవారు. ఆ ఊళ్ళో తెలుగువాడు రోడ్డు మీద నడుస్తున్నాడంటే కారైనా చెడిపోయి ఉండాలి, కాపురమైనా చెడిపోయి ఉండాలి. గ్రూపులో లేనివాళ్ళకు పందెం సంగతి తెలియదు కదా. బుధవారానికి ఆయన కారు పాడైందన్నారు. గురువారానికి కారు అమ్ముకున్నాడన్నారు. శుక్రవారానికి పాపం ఉద్యోగమే పోయిందన్నారు. ఆ కబురు పాకుతూ పాకుతూ హ్యూస్టన్‌లో ఉన్న వియ్యంకుడు రాజారావు గారి చెవిన పడింది.

శనివారం మధ్యాహ్నం రెండు చేతులా కూరల సంచులతో, చంకలో గొడుగుతో, కాళ్ళ బొబ్బలతో కుంటుకుంటూ వస్తున్న రాధాకృష్ణ గారి పక్కన కొత్త కారొకటి ఆగింది.

"జాబ్ పోతే మాకొక ఫోన్ చేయొద్దా బావగారూ? ముందు ఎక్కండి," అన్నారు రాజారావు గారు.

"జాబ్ ఉంది బావగారూ. చారిటీ కోసం నడుస్తున్నా. రేపు రాత్రి దాకా ఎక్కకూడదు."

రాజారావు గారు నమ్మలేదు. పరువు కోసం అబద్ధమాడుతున్నాడనుకున్నారు. "మా కారెక్కడం నామోషీ అయితే చెప్పండి, ఇటునుంచి ఇటే వెళ్ళిపోతా."

మనవాళ్ళలో వియ్యంకుడి మాట తీసెయ్యడం కంటే నిప్పుల్లో నడవడం నయం. పైగా తెరిచిన కిటికీలోంచి చల్లటి ఏసీ గాలి మొహాన కొడుతోంది. ఒక సంచి కింద పెట్టిన ఆయన చెయ్యి తలుపు దాకా వెళ్ళింది. సుమతి గారి కూతురికి మిగిలిన సెలవు సోమవారం ఒక్కటేనని గుర్తొచ్చి ఆగింది.

"మీకు కోపమొస్తే రేణు చేత గారెలు వండించి తీరుస్తా బావగారూ. వ్యాను రాకపోతే మా పక్కింటి పిన్నిగారి కిడ్నీలకు ఏం వండిపెట్టను?"

రాజారావు గారికి అప్పుడు నమ్మకం కుదిరింది. కారు ఓ పక్కన పార్క్ చేసి, దిగి ఒక సంచి అందుకున్నారు. వియ్యంకులిద్దరూ ఒకే గొడుగు కింద పాలూ ఉల్లిపాయలూ మోసుకుంటూ ఇల్లు చేరారు. ఆ సాయంత్రానికి ఇద్దరి ఉద్యోగాలూ పోయాయని ఊరంతా చెప్పుకుంది.

పందెం గెలిచారు, వ్యాను బాగుపడి వచ్చింది. మొదటి రోజు రాధాకృష్ణ గారు వాకిట్లోనే నిలబడి సుమతి గారికి తన కష్టాలు ఏకరువు పెట్టారు. పాలు అయిపోతే వెంటనే తెచ్చుకోవడానికి లేదు, గుడికి వెళ్దామంటే లేదు, సాయంత్రాలు ఎవరైనా వస్తారా అని ఎదురుచూడటం, ఇంట్లో గోడలు చూస్తూ కూర్చోవడం.

సుమతి గారు అంతా ఓపిగ్గా విన్నారు. "వారానికే ఇంత కష్టపడ్డావా నాయనా. నేను ఆరేళ్ళ నుంచీ అట్లాగే ఉంటున్నా. నాకెవరూ చందా వెయ్యలేదే," అని నవ్వి వ్యానెక్కారు.

రాధాకృష్ణ గారికి ఇన్నేళ్ళూ ఆవిణ్ణి ఆస్పత్రి వ్యానులో తప్ప బయట చూసిన గుర్తు లేదు. సిగ్గేసింది.

మర్నాడు సాయంత్రం ఆయన కారు పక్కింటి ముందు ఆగింది. అవును, పక్కింటికే, కారులోనే.

"ఇవాళ ఆస్పత్రి లేదు నాయనా," అన్నారు సుమతి గారు తలుపు తీస్తూ.

"ఆస్పత్రికి కాదు పిన్నిగారూ. మీకు ఎక్కడికి వెళ్ళాలనుందో అక్కడికి."

ఎక్కడికి వెళ్ళాలో ఆవిడకు ఒక్క చోటూ తోచలేదు. చెప్పులు మాత్రం వేసేసుకున్నారు.