గరుకెక్కిన డబ్బాలు

ఆరేళ్లు ఒక చింపిన కాగితాన్ని బీరువాలో దాచాను. బరువులేని ఆ ఒక్క కాగితాన్నే మోయలేకపోయాను. దాన్ని తిరిగిచ్చేశాను గానీ, దానితోపాటు ఆడిన అబద్ధం నా దగ్గరే ఉంది. నాతోనే పోకూడదని రాస్తున్నాను. మీరు వినండి చాలు.

డిగ్నాబాద్‌లో మా వంటింటి నుంచి భోజనాలు పంపేదాన్ని. చదువు ఎనిమిదో తరగతితో ఆగింది. మిగతాదంతా లైబ్రరీలో నేర్చుకున్నాను, ఆ గర్వం నాకు ఎక్కువే. ఈ దీవుల్లోనే పెరిగినదాన్ని. ఓడ ఎప్పుడొస్తుందో, ఏం తెస్తుందో అని మా అమ్మ ఏ డబ్బానీ పారేయనిచ్చేది కాదు. నేనూ అంతే. పాత ఐస్‌క్రీం డబ్బాల్లోనే పొయ్యి మీంచి దించిన పులుసు పోసేదాన్ని. తోమీ తోమీ వాటి లోపలంతా తెల్లగా గరుకెక్కింది.

ఒకరోజు లైబ్రరీ పత్రికలో చదివాను. పాత ప్లాస్టిక్‌లో వేడివి పోస్తే కంటికి కనిపించని ముక్కలు ఊడి తిండిలో కలుస్తాయట. అందులోని కొన్ని రసాయనాలు హార్మోన్లను తికమకపెట్టవచ్చట. ఎవరికి ఎంత చెరుపో ఇంకా తేలలేదని కూడా ఉంది.

ఆ పేజీ చింపేశాను. ఎందుకు? మా మేడమీద ఉండే సుజాత టీచర్ కూడా లైబ్రరీలో నేను కూర్చునే బల్ల దగ్గరే చదివేది. రెండుపూటలా నా వంటే తినేది. థైరాయిడ్‌కి మందులు వాడుతోంది. అప్పటికి రెండుసార్లు కడుపు నిలవలేదు.

ఆ వారమే ఖాళీ డబ్బా తెచ్చింది, లోపల వేలితో తడుముతూ.

"అక్కా, ఇది గరుకైపోయింది. వేడి పులుసు పోస్తే ఏటీ అవదు కదా? నువ్వు అన్నీ చదువుతావు."

"కుచ్ నహీ టీచర్. నేను చదివేను. ఏటీ అవదు."

"నువ్వు చెప్తే ఇంకేటి," అని నవ్వింది.

ఇంకో ఏడాది తిన్నది. మూడోసారీ నిలవలేదు. తర్వాత బదిలీ మీద వెళ్లిపోయింది. నా డబ్బాల వల్లేనని ఏ పుస్తకమూ చెప్పలేదు. కాదనీ చెప్పలేదు. కానీ ఆమె అడిగింది. నాకు తెలుసు. తెలిసీ, వద్దనుకునే వీలు ఆమెకు లేకుండా చేశాను.

ఆ డబ్బాలు ఇంకా మేడ పక్కనున్న మా రేకుల వంటింటి అటక మీదే ఉన్నాయి. మధ్యాహ్నం పైకప్పు రేకు కాలితే మూతలు ఒక్కొక్కటీ టక్కుమని లేస్తాయి, లోపలి నుంచి ఎవరో తెరుస్తున్నట్టు. దించి చూస్తాను. పసుపు మరక, గరుకు, అంతే. అక్కడి నుంచి అరిగిపోయినదంతా ఎక్కడుంది? ఆమెలోనా? నాలోనా? వేలితో తడిమితే, అవతలి వైపు నుంచి ఇంకో వేలు తడుముతున్నట్టుంటుంది. చెయ్యి తీసేస్తాను.

దీని ప్రతి ఒకటి ఆమెకు పంపుతున్నాను. జవాబు అడగలేదు. రాశాక మాత్రం ఊపిరి కొంచెం ఆడుతోంది.

నేను తిరిగిచ్చిన పేజీని తీసుకుని పత్రికలో అతికించిన లైబ్రరీ మేరీ దీదీకి, టీచర్ కొత్త చిరునామా కనుక్కొచ్చిన పక్కింటి ఖాదర్ భయ్యాకి కృతజ్ఞతలు. సుజాత టీచర్‌కి కూడా. ఏనాడూ ఒక్క డబ్బా కడగకుండా ఇవ్వలేదు.