మార్లీన్ తమ్ముడి చేతిమాట

మార్లీన్ తమ్ముడి పేరు ఇప్పుడు ఎవరూ పలకరు. పోయినవాళ్లను పేరుపెట్టి పిలవడం మా వాళ్లలో లేదు. కాబట్టి ఇక్కడా తమ్ముడనే అందాం.

పాలు తాగే వయసులోనే చెవుల్లో చీము పట్టి అతనికి వినికిడి పోయింది. ఆస్ట్రేలియా ఎడారిలో, టెన్నంట్ క్రీక్ ఊరి అంచున ఉన్న మా ఆదివాసుల క్యాంపులో అలాంటి పిల్లలు ఇంటికొకరు ఉంటారు. వాళ్లున్నా లేకున్నా చేతులతో మాట్లాడటం అందరికీ ఎంతో కొంత వచ్చు. వేటలోనూ అవసరమే, చావులోనూ అవసరమే. తండ్రి పోయినప్పుడు ఆచారం ప్రకారం తల్లి మౌనం పట్టింది. ఆ దుఃఖకాలం తీరేదాకా ఏం చెప్పినా చేతులతోనే చెప్పాలి. చిన్నవాడైన తమ్ముడికి ఆ రోజులు పండగలా గడిచాయి. ఇంట్లో అందరూ చివరికి తన భాషలోకి వచ్చేశారని అనుకున్నాడో ఏమో, పొద్దస్తమానం ఒకటే కబుర్లు. తల్లి మౌనం విడిచి మొదటిసారి నోరు తెరిచిన రోజు, వాడు పరుగున వచ్చి తన చిన్న అరచేత్తో ఆమె నోరు మూసేశాడు.

పెద్దయ్యాక పశువుల స్టేషన్లలో, అంటే తెల్లదొరల పెద్ద పెద్ద మేతభూముల్లో, కంచెలు వేశాడు. యజమానుల నడకలు అనుకరించి క్యాంపునంతా నవ్వించేవాడు. పెళ్లి చేసుకోలేదు. తల్లి పోయాక అక్క దగ్గరే ఉన్నాడు. యాభై దాటుతుండగా షుగరు ముదిరి ఒక కాలు తీసేశారు.

ఆసుపత్రిలో చల్లటి గదిలో అధికారులు నలుగురు కూర్చుని మార్లీన్‌ను పిలిపించారు. "మీ ఇంటికి మెట్లున్నాయి, చుట్టూ ఇసుక. చక్రాల కుర్చీ ఎలా తిరుగుతుందండీ? ర్యాంపు కట్టేదాకా డార్విన్‌లో ఒక హోమ్‌లో ఉంచుదాం, సరేనా?" అని అడిగింది వాళ్లలో ఒకామె. నలుగురూ తనవైపే చూస్తుంటే మార్లీన్‌కు ఆ గదిలో ఉండబుద్ధి కాలేదు. ఎలాగోలా బయటపడితే చాలనిపించి తలూపింది.

పక్కనే చక్రాల కుర్చీలో ఉన్న తమ్ముడు ఆమె మోచేయి తట్టి, ఏమంటున్నారని చేత్తో అడిగాడు.

కొన్నాళ్లేనంది, చేత్తోనే.

నువ్వూ వస్తున్నావా అని అడిగాడు. మార్లీన్ చూడనట్టు తల తిప్పుకుంది.

వెయ్యి కిలోమీటర్ల అవతలి డార్విన్‌లో కొన్నాళ్లు కాస్తా నెలలయ్యాయి. ఊళ్లో ప్రభుత్వ ఇళ్ల ఆఫీసుకు వెళ్తే ర్యాంపు ఫైలు డార్విన్‌లో ఉందన్నారు. డార్విన్‌కు ఫోన్ చేస్తే మీ ఊళ్లోనే ఉందన్నారు. తమ్ముడికి ఫోన్ చేద్దామంటే వాడికి వినపడదు.

"వాళ్లు ర్యాంపు కట్టేలోపు నాకూ కాలు పోతుందిలేవే. ఇద్దరం కలిసి జారుడుబండ ఆడుకుంటాం" అంది పక్కింటి డల్సీ పిన్ని. నవ్వించడానికే అంది. మార్లీన్ నవ్వలేదు.

చివరికి మేనల్లుడి ట్రక్కెక్కి, నిప్పుల్లో కాల్చిన కంగారూ తోక మూటగట్టుకుని డార్విన్ వెళ్లింది. తమ్ముడు కిటికీ పక్కన కుర్చీలో ఉన్నాడు. చేతులు రెండూ దుప్పటి కింద ఉన్నాయి. అక్కను చూశాడు. చూసి ఊరుకున్నాడు.

"ఇప్పుడు నెమ్మదించాడమ్మా" అంది గ్రేస్ అనే నర్సు. మంచి పిల్ల. "మొదట్లో చేతులు విసిరేవాడు. కొడతాడేమోనని భయపడి మందులిచ్చారు."

"మా వాడు ఎవర్నీ కొట్టడమ్మా. ఎలా విసిరేవాడో ఓసారి చూపించు."

గ్రేస్ మొహమాటపడుతూనే గుర్తున్నంతవరకు చేసి చూపింది. మార్లీన్‌కు ఆ పరాయి పిల్ల వేళ్లలో, వచ్చీరాని యాసలో, తమ్ముడి మాట వినబడింది.

"అది... ఇంటికి అని" అంది మార్లీన్. "ఆ రెండోది అక్క అని."

గ్రేస్ తన చేతుల్ని తనే చూసుకుంది. "రోజూ ఇదే చేసేవాడమ్మా" అంటూ ఏడ్చేసింది.

ఆ రోజంతా మార్లీన్ చేతులు నొప్పి పుట్టేదాకా తమ్ముడితో మాట్లాడింది. అతను కంగారూ తోక తిన్నాడు. జవాబు మాత్రం ఇవ్వలేదు.

తిరిగొచ్చాక ఆమె మునుపటి మనిషి కాదు. మంచాన పడ్డవాళ్లను, చూపులేనివాళ్లను, లేవలేని పిల్లలను చూసుకునే ఆడవాళ్లందరినీ ఒకచోట చేర్చి టౌన్‌లో అధికారుల మీటింగుకు తీసుకెళ్లింది. అక్కడ లేచి నిలబడింది.

"మా తమ్ముడికి మాట లేదని రాసుకున్నారు. వాడు రోజూ మాట్లాడాడు. మీలో ఎవరికీ అర్థం కాలేదు, అంతే. మమ్మల్ని పిలవండి. వచ్చి పక్కన కూర్చుంటాం."

"మీ బాధ అర్థమైందండీ. కానీ మీరు శిక్షణ పొందిన దుబాసీ కాదు కదా..." అన్నాడు అధికారి.

"యాభయ్యేళ్లు వాడితో దెబ్బలాడింది నాయనా, ఇంకేం శిక్షణ కావాలి?" అంది డల్సీ పిన్ని.

అందరూ నవ్వారు. ఆ నవ్వు తర్వాతైనా పని కదిలింది. రెండో చలికాలానికి ర్యాంపు పడింది, తమ్ముడు ఇంటికొచ్చాడు.

కుక్కలు అతన్ని గుర్తుపట్టి మీద పడ్డాయి. పిల్లలు చుట్టూ మూగి చేతులతో పలకరించారు. అతను చూస్తూ కూర్చున్నాడు. ఒక ఉదయం నిప్పుల మీద కాల్చిన ఉడుము తింటూ, ఉప్పు కావాలని చెయ్యి కదిలించాడు. మార్లీన్ పరుగెత్తుకెళ్లి ఉప్పు తెచ్చి, ఇంటి వెనక్కి వెళ్లి ఏడ్చింది. ఆ తర్వాత నీళ్లు, చలి అనే మాటలు కూడా వచ్చాయి. అక్క అనే మాట మాత్రం రాలేదు. నామీద కోపమా అని ఎన్నోసార్లు అడిగింది. అడిగినప్పుడల్లా అతను రోడ్డువైపు చూసేవాడు.

వానలు పడకముందు, వేడి ముదిరిన రోజుల్లో నిద్రలోనే పోయాడు. పోయినవాడి ఆత్మ వెళ్లిపోవాలని ఆకులు కాల్చి ఇంటికి పొగ పట్టించారు. చావు జరిగిన ఇల్లు వదలాలి కనుక మార్లీన్ డల్సీ పిన్ని దగ్గరికి మారింది. ఉప్పు అడిగినవాడు అక్క అని మాత్రం అనలేదని ఎవరికీ చెప్పలేక, కొన్ని నెలలు ఎవరి పొయ్యి దగ్గరా కూర్చోలేదు.

ఇప్పుడు ఆసుపత్రివాళ్లే కబురు పెడుతున్నారు. వెళ్తుంది, మంచం పక్కన కూర్చుంటుంది, అటు మాట ఇటు చెబుతుంది. కొందరు ఇంటికొస్తారు. కొందరిని డార్విన్‌కు తీసుకుపోతూనే ఉన్నారు. మొన్న ఆమెకే జ్వరంగా ఉంటే డల్సీ పిన్ని కసిరింది.

"ఇవాళ మానెయ్యవే. నువ్వు లేకపోతే ఆసుపత్రి కూలిపోదు."

"కూలదులే పిన్నీ" అంది మార్లీన్, చెప్పులు వెతుక్కుంటూ. "ఎవరో ముసలాయనట, ఎడారి అవతల నుంచి తెచ్చారట. పొద్దుట్నుంచీ చేతులు విసురుతున్నాడట."