ఊర్మిళ తెరిచిన ఎర్ర మచ్చ

సూరత్‌లోని అమ్రోలిలో తెలుగువాళ్లు ఉండే గల్లీలో ఆడవాళ్లు చాలామంది ఇంట్లో కూర్చుని కూలికి చీరలు మడతపెట్టి కుటుంబాలకు ఆసరా అవుతారు. ఊర్మిళ మాత్రం వజ్రాల కార్ఖానాకు పోయేది. సిరిసిల్ల పక్క పల్లె నుంచి తల్లి చంకనెక్కి సూరత్ వచ్చిన పిల్ల ఆమె. సాంచాల, అంటే మరమగ్గాల, చప్పుడులోనే పెరిగింది. తండ్రి కనకయ్య ఒకరోజు సాంచా ముందే కూలబడి ప్రాణం విడిచాడు. అప్పటినుంచి ఆ చప్పుడు వినబడే చోట ఆమె నిలబడేది కాదు. పెద్దదయ్యాక పక్కింటి గుజరాతీ ఆమె వెంట వెళ్లి వజ్రాలు సానబట్టే పని నేర్చుకుంది. "ఆడిపిల్లకు గా పనేంది?" అని చుట్టాలు మూతులు విరిచారు. తల్లి లింగవ్వ మాత్రం "దాని చెయ్యి ఏడ కుదురుతె ఆడ్నే పోనియ్యుండ్రి" అని ఒక్క మాటతో వాళ్ల నోళ్లు మూయించింది.

చెయ్యి నిజంగానే కుదిరింది. తిరిగే సానరాతి మీద నూనె, వజ్రపు పొడి పూసి, నువ్వుగింజంత రాయిని ఎంతసేపు ఆనించాలో, ఎప్పుడు ఎత్తాలో ఆమెకు వేళ్లలోనే తెలిసిపోయేది. అక్కడ ఆమె నేర్చుకున్న మొదటి పాఠం మచ్చను బతకనివ్వకూడదన్నది. రాయి లోపల నల్లటి చుక్క ఉన్నా, ఎర్రటి చుక్క ఉన్నా దాన్ని కోతలో తప్పించాలి, లేదా అరగదీసి పోగొట్టాలి. ఏళ్ల తరబడి ఆమె అదే చేసింది.

తర్వాత గిరాకీ పడిపోయింది. యంత్రాల్లో పెంచిన వజ్రాలు బజారు నిండా వచ్చాయి. కార్ఖానాలో సానరాళ్లు ఒకదాని వెనక ఒకటి ఆగిపోయాయి. ఊర్మిళ ఇంటికొచ్చి అందరిలాగే చీరలు ముందేసుకుని కూర్చుంది. గింజంత రాయికి అలవాటుపడ్డ వేళ్లకు అంతంత పొడుగు గుడ్డ పట్టుకోవడం వింతగా ఉండేది. మడత సరిగ్గా రాక, మళ్లీ విప్పి మళ్లీ వేసేది.

అలాంటి రోజుల్లో కార్ఖానా శేఠ్ ఫోన్ చేశాడు. "ఊర్మిళాబెన్, హైదరాబాద్ సే ఏక్ మేడం ఆయీ హై. తుమ్హారీ భాషావాలీ. జరా ఆవో."

హైదరాబాద్ నుంచి వచ్చిన ఆ తెలుగామె పేరు హారతి. భూమి లోపలి రాళ్ల మీద పరిశోధన చేస్తోంది. ఎవరూ కొనని, ఎర్ర చుక్కలున్న చిన్న చిన్న వజ్రాలు కొన్ని తెచ్చుకుంది. ఒక్కో రాయిని ఒక పక్క నుంచి అరగదీస్తూ పోయి, లోపలి ఎర్ర గింజ సరిగ్గా పైకి తేలగానే ఆపాలి. గింజ పోకూడదు. కార్ఖానాలో మిగిలిన మగ పనివాళ్లు ఆ మాట విని నవ్వారు. మచ్చను దాచమంటే దాస్తాం గాని, తెరిచి చూపించడమేమిటన్నారు.

ఊర్మిళ నవ్వలేదు. ఒప్పుకుంది. కాని మొదటి రాయే పోయింది. గింజ దగ్గరపడుతున్న కొద్దీ ఆమె చెయ్యి పాత అలవాటున కొంచెం గట్టిగా ఆనింది. టిక్కుమని చిన్న చప్పుడు. రాయి అంచు చిట్లింది. ఎర్ర గింజ సానరాతి మీది నల్లటి నూనెలో కలిసి మాయమైంది. ఆమె చేతులు ఒళ్లో పెట్టుకుని తల దించుకుంది.

"మీ తప్పేం లేదక్కా" అంది హారతి. "ఆ గింజ భూమి లోతుల్లోని ఒత్తిడిని ఇంకా లోపల పట్టుకునే ఉంటుంది. చుట్టూ ఉన్న గోడ పలచబడితే ఒక్కోసారి ఇలా చిట్లుతుంది."

"లేదు మేడం, నా చెయ్యిదే తప్పు. మచ్చ కనవడితె అది ఆగది" అంది ఊర్మిళ. మళ్లీ తనే అడిగింది. "గింత కష్టపడుతున్నరు గదా, అసలు గదేంది మేడం? జర నాకు సమజయ్యేటట్టు చెప్పుండ్రి."

ఇద్దరూ బయట బల్ల మీద కూర్చున్నారు. చాయ్ వచ్చింది. హారతి చెప్పడం మొదలుపెట్టింది. మనం నిలబడ్డ నేల కింద, ఏ గనీ చేరలేనంత లోతున మరో రకం రాయి ఉంటుంది. ఖండాలు పుట్టే కాలంలో, అంటే సుమారు మూడు వందల కోట్ల ఏళ్ల కిందట, విపరీతమైన వేడికి అది కొంత కరిగింది. కరిగిన భాగం పైకి వెళ్లిపోయింది. కరగని పిప్పి అక్కడే మిగిలి గట్టిపడింది. అది చుట్టూ ఉన్నదానికంటే తేలిక, గట్టి కూడా. అందుకే మునిగిపోకుండా పాత ఖండాల అడుగున వేరులా అతుక్కుని ఉండిపోయింది.

"అటు తర్వాత గట్లనే ఉన్నదా?"

"లేదక్కా. చాలా కాలం తర్వాత కింది నుంచి వేరే ద్రవాలు వచ్చి ఆ రాతిలోకి ఇంకాయి. కరిగినప్పుడు పోయిన పదార్థాల్లో కొన్ని మళ్లీ వచ్చి చేరాయి, కొత్తవీ చేరాయి. అక్కడే వజ్రం పెరుగుతూ పక్కనున్న ఈ ఎర్ర గింజను, గార్నెట్‌ను, తనలో మూసేసుకుంది. బయటున్న రాయి మారిపోయినా, లోపలిది అప్పుడెలా ఉందో అలాగే ఉండిపోయింది. ఎప్పుడో అగ్నిపర్వతం లాంటిది పేలి దాన్ని పైకి తెచ్చింది."

ఊర్మిళ చాయ్ గ్లాసు కింద పెట్టింది. "మా ఆయన ఖటోదరా దిక్కు బట్టల మిల్లుల రంగు పని జేస్తడు మేడం. ఫస్ట్ గుడ్డను ఉడకబెట్టి దాంట్లున్నదంత గుంజుతరు. తెల్లగైనంక రంగు పడుతది. గట్లనేనా?"

హారతి ముఖం వెలిగింది. "అంతేనక్కా! ఆ గుడ్డ ఎంత ఉడికిందో, దానికి తర్వాత ఏ రంగు పట్టిందో ఈ గింజలో వెతుకుతున్నాను."

"అయితె ఇంకో రాయి ఇయ్యుండ్రి" అని ఊర్మిళ లేచింది.

ఈసారి రాయిని ఆనించడం, ఎత్తడం, భూతద్దంలో చూడడం, మళ్లీ ఆనించడం. అన్నం కూడా మరిచిపోయింది. గింజ మీద వెంట్రుకవాసి పొర మిగిలినప్పుడు ఆమె చెయ్యి మళ్లీ గట్టిగా ఆనబోయింది. రాయి పక్కన పెట్టి, బయటికెళ్లి ముఖం కడుక్కుని వచ్చింది. మర్నాడు పొద్దున్నే వచ్చి ఆ పని ముగించింది. భూతద్దంలో చూస్తే తెల్లటి రాయి మీద నేరేడుపండు ఛాయ కలిసిన ఎర్రటి చిన్న కిటికీ. ఇన్నేళ్లలో మచ్చను చూసి ఆమెకు సంతోషం కలగడం అదే మొదటిసారి. హారతి ఆమెను కావలించుకుని నవ్వింది.

కొన్ని నెలల తర్వాత హారతి ఫోన్ చేసింది. గింజను పరీక్షించారట. ఆ రాయి ఒకప్పుడు బాగా కరిగి సారం పోగొట్టుకున్నదేనట. ఆ పైన బయటి ద్రవాలు ఇంకిన ఆనవాళ్లూ దొరికాయట. మరికొన్ని రాళ్లు పంపుతానని, వాటినీ ఊర్మిళే తెరవాలని కోరింది. శేఠ్ ఆగిపోయిన సానరాళ్లలో ఒకదాన్ని ఊర్మిళ కోసం మళ్లీ నడిపించాడు. కార్ఖానా మునుపటిలా నిండలేదు. అయినా వారంలో కొన్ని రోజులు ఆమెకు తన పని తనకు దొరికింది.

ఆ సాయంత్రం భర్త సోమలింగానికి ఈ కబురు చెప్పాలని ఊర్మిళకు ఒకటే ఆత్రం. మిల్లుకు మారకముందు సాంచాల దగ్గర పనిచేసి అతని చెవులు దాదాపు పోయాయి. ఇంట్లో సగం మాటలు చేతులతోనే. అన్నం వడ్డిస్తూ ఆమె గుడ్డ పిండినట్టు, రంగులో ముంచినట్టు చేసి చూపించింది.

"ఏ మిల్లుల?" అని అతను పెద్ద గొంతుతో అడిగాడు.

ఆమె నవ్వి, వేలు నేలవైపు చూపించింది. కిందికి, ఇంకా కిందికి అని చెయ్యి ఊపింది. సోమలింగం తన కాళ్ల కిందున్న గచ్చును కాసేపు తేరిపార చూశాడు.

"మరి గంత కింద రంగు ఎవలు ఏసిండ్రే?"

కింది నుంచి వచ్చిన ద్రవాలని మేడం చెప్పింది గాని, అవి ఎక్కడివో ఊర్మిళకూ తెలియదు. రేపు ఫోన్‌లో మేడంను అడుగుతానని వేళ్లతో చెప్పి, అతని కంచంలో ఇంకో గరిటె పప్పు వేసింది.