వీణలో ఊక

పోయిన నెల మా అత్తగారు కాలం చేశారు. రేపల్లె నుంచి మా మరిది ఇచ్చిన టెలిగ్రాం వచ్చేసరికి నేను బాపట్లలో, మా ఇంటి వసారాలో, పిల్లలకు వీణ పాఠం చెబుతున్నాను. మావారు ఆ కాగితం పట్టుకుని గుమ్మంలోనే నిలబడిపోయారు. పిల్లల్ని పంపించేసి, వీణకు గుడ్డ కప్పి, దొరికిన రైలెక్కాం. తిరిగొచ్చిన దగ్గర్నుంచీ ఆవిడ గురించి నాలుగు మాటలు రాయాలని ఉంది. ఆవిడేమీ పేరున్న మనిషి కాదు. కానీ నేనివాళ పదిమందికి సంగీతం చెప్పుకుంటున్నానంటే ఆవిడ చలవే.

నేను తెనాలి పిల్లను. మా నాన్న, వడ్రంగి ఇంటి అరుగు మీద కూర్చుని, దగ్గరుండి పనసకర్రతో చేయించిన వీణ నాది. పెళ్లయి రేపల్లె వెళ్తే అదీ నాతో వచ్చింది. అత్తవారిది ధాన్యం వ్యాపారం, ఇంటి వెనకే రైసుమిల్లు. పాటా మాటా ఎరగని ఇల్లు. మా అత్తగారికి వచ్చిన విద్య వేరు, పార్సెళ్లు కట్టడం. దూరాన ఉన్న కూతుళ్లకు ఏటా ఆవకాయ జాడీలు రైల్లో పంపేవారు. మూతికి గుడ్డ కట్టి, పెట్టెలో పెట్టి, చుట్టూ మిల్లు ఊక కూరేవారు. ఒక్క జాడీ పగిలిందని నేను వినలేదు. "కదలనిస్తేనే పగుల్తుందమ్మాయ్, కదలనివ్వకు" అనేవారు.

ఇలా ఉండగా సర్కారు ఉద్యోగంలో ఉన్న మావారికి బాపట్ల బదిలీ అయింది. అక్కడ ఆడపిల్లల బడిలో సంగీతం టీచరు కావాలన్నారు. బడికి వీణ లేదు, సొంత వీణ తెచ్చుకుంటేనే ఉద్యోగం. నాకు ప్రాణం లేచొచ్చింది. ఆ వెంటనే భయం పట్టుకుంది. రేపల్లె నుంచి తెనాలికి ఒక రైలు, అక్కడ దించి బాపట్లకు ఇంకో రైలు. కూలీలు ఎత్తి పడేసే సామాన్లో వీణ. మెడ దగ్గర అతుకు విరిగితే ఇంక అంతే, దాన్ని చేసిన వడ్రంగి అప్పటికే పోయాడు.

"ఎందుకొచ్చిన గొడవ, ఇక్కడే ఉండనీరాదూ?" అన్నారు మామగారు.

అత్తగారు ఆయన వంక చూడనైనా లేదు. "దీనికి ఎక్కడెక్కడ నాజూకు?" అని నన్నడిగారు.

చూపించాను. మెడ అతుకు, చివరన సింహం మొహంలా చెక్కిన యాళి తల, కింద తగిలించే సొరబుర్ర. మెట్లన్నీ మైనంలో నిలబడి ఉంటాయని, ఎండకి మైనం మెత్తబడితే మెట్లు జారి శ్రుతి పోతుందని కూడా చెప్పాను.

"ఐసుగడ్డల్నే ఊకలో పెట్టి తెస్తారు, నీ మైనం ఓ లెక్కా?" అన్నారు.

మామిడి పలకలతో పొడుగాటి పెట్టె చేయించారు. నా చేత తీగలు వదులు చేయించారు. సొరబుర్ర ఊడదీయించి, దూది కుక్కి, అన్నం వండే ఇత్తడి గుండిగలో కూర్చోబెట్టారు. నేను లోపల వంట సామాను సర్దుకుని వచ్చేసరికి వీణ చుట్టూ పెట్టెనిండా ఊక కూరి, మేకులు కొట్టేస్తున్నారు. "గుడ్డ చుట్టారా అత్తయ్యా?" అని అడిగాను. "గుడ్డ జారుతుంది, ఊక జారదు" అన్నారు. జాడీకైతే మూతి కడతారు. వీణ పైపలక మీద కూడా చిన్న చిన్న రంధ్రాలుంటాయని పాపం ఆవిడకు తెలియదు.

కాపురం పెట్టించడానికి ఆవిడ కూడా మాతో వచ్చారు. తెనాలిలో పెట్టె దించగానే చీర సర్దుకుని దాని మీద కూర్చున్నారు.

"అయ్యో, లేవండత్తయ్యా, విరుగుతుంది!"

"నేను కూర్చున్నంతసేపూ ఇంకెవడూ దీనిమీద మూట పడెయ్యడు. నువ్వెళ్లి కాఫీ తాగిరా."

బాపట్ల రైలు వచ్చేదాకా లేవలేదు. కూలీతో, "నాయనా, ఇందులో మా కోడలి ఉద్యోగం ఉంది, మెల్లిగా" అన్నారు. అతను ఇంకొకణ్ణి సాయం పిలుచుకుని మరీ ఎత్తాడు.

ఇంటికెళ్లి పెట్టె విప్పితే వీణకు గీత పడలేదు. ఒక్క మెట్టు జరగలేదు. ఆ మర్నాడే బడిలో హెడ్మిస్ట్రెస్ గారి ముందు కూర్చుని తీగ మీటాను. నాదం బాగానే పలికింది. కానీ వీణ కాస్త వంచితే చాలు, లోపల సరసరమంటోంది. నా ఒళ్లో ఊక రాలింది.

"ఏంటమ్మా, లోపల ఏదో చప్పుడవుతోంది?" అన్నారావిడ.

ఊక దులుపుకుంటూ, "మా అత్తగారండి" అన్నాను.

విషయం విని ఆవిడ కళ్లజోడు తీసి కళ్లు తుడుచుకునేదాకా నవ్వారు. సోమవారం నుంచి రమ్మన్నారు.

ఇంటికొచ్చి చెబితే మా అత్తగారు ఏమాత్రం నొచ్చుకోలేదు. "ఉండనీ, మళ్లీ బదిలీ అయితే పనికొస్తుంది" అన్నారు. ఆ తర్వాత బాపట్ల వచ్చినప్పుడల్లా కింద చేట పెట్టి, వీణ వంచి, పసిపిల్లకు తేన్పు తెప్పించినట్టు వెనక మెల్లిగా తట్టేవారు. నాలుగు గింజల పొట్టు రాలేది. మళ్లీ వచ్చినప్పుడు ఇంకో నాలుగు. నేను వాయిస్తుంటే ఆవిడ బియ్యంలో రాళ్లేరుకుంటూ కూర్చునేవారు. ఓసారి, ఎలా ఉందత్తయ్యా అని అడిగాను. "నాకు పాట తెలీదమ్మాయ్. నువ్వు వాయించేటప్పుడు మాట్లాడకూడదని మాత్రం తెలుసు" అన్నారు. మీలో సంగీతం చెప్పేవాళ్లుంటే నా మాట అర్థమవుతుంది. అలా వినేవాళ్లు ఎంతమంది దొరుకుతారు? ఆ మాట ఆవిడతో ఒక్కసారైనా అనుంటే బాగుండేది.

చాలా ఏళ్లుగా ఊక రాలడం లేదు. అంతా అయిపోయిందనే అనుకున్నాం. కర్మకాండ ముగిసి బాపట్ల వచ్చిన మర్నాడు, పిల్లలొచ్చే వేళకు గుడ్డ తీసి వీణ తుడుస్తున్నాను. నాదం పలికే కుండ అడుగు తుడుద్దామని పక్కకు వంచాను. లోపల చిన్నగా సరసరమంది. ఒక్క వడ్లపొట్టు రంధ్రంలోంచి జారి నా ఒళ్లో పడింది, ఇంకా పచ్చగానే ఉంది.

అరచేతిలోకి తీసుకున్నాను. వాకిట్లో పిల్లల చెప్పుల చప్పుడు వినబడింది. దాన్ని మళ్లీ ఆ రంధ్రం దగ్గరే ఉంచి, చిటికెన వేలితో లోపలికి నెట్టేసి, శ్రుతి చేసుకోవడం మొదలుపెట్టాను.