ఏడో లాట్‌లోని మగ్గం

1979లో తిరువళ్ళూరు బజారు వీధిలో, సైకిల్ రిపేరు షాపు మేడమీద ఒక చిన్న గది అద్దెకు తీసుకుని నా పేరుతో బోర్డు కట్టాను. పేరు కింద ‘లైసెన్స్‌డ్ ఆక్షనీర్’ అని ఎర్ర రంగుతో రాయించాను. అంటే సర్కారు అనుమతి పొందిన వేలందారు. మా వంశంలో తిరుత్తణి మగ్గాల వీధి దాటి కుర్చీ, బల్ల వేసుకుని కూర్చున్నవాణ్ణి నేనే మొదటివాణ్ణి. ఆ గర్వం ఎంతుండేదంటే, లైసెన్సుకు అద్దం ఫ్రేము కట్టించి, మెట్లెక్కి వచ్చేవాడికి దేవుడి పటం కంటే ముందు అదే కనబడేట్టు తగిలించాను.

వేలం వేయడానికి గొంతు ఉంటే చాలని చాలామంది అనుకుంటారు. గొంతు అన్నిటికంటే చివర అడిగే సంగతి. ముందు పోలీసు స్టేషన్ నుంచి నడవడిక సర్టిఫికెట్టు కావాలి. తాసిల్దారు దగ్గర సాల్వెన్సీ సర్టిఫికెట్టు కావాలి, అంటే వీడు మునిగినా జనం సొమ్ము మునగదని హామీ. డిపాజిట్టు, ఇద్దరు జామీనుదార్లు, లైసెన్సు ఉన్నవాడి దగ్గర పనిచేసిన అనుభవం, ఇవన్నీ చూపించాలి. నేను ఒక ముసలి వేలందారు దగ్గర ఆరేళ్ళు గుమస్తాగా చేశాను. ఇవన్నీ అయ్యాక చెంగల్పట్టు ఆఫీసుకు పిలిచి నోటిమాటగా పరీక్ష పెట్టారు.

ఆ ఆఫీసరు అరవంలో అడిగిన ప్రశ్న, నేను చెప్పిన జవాబు నాకు నేటికీ కంఠతా ఉన్నాయి.

“కోర్టు జప్తు చేసినా వేలం వేయకూడని సామాను ఏమిటయ్యా?”

“కట్టుకునే బట్టలు, వంటపాత్రలు, పడక, ఆడవాళ్ళ మెడలో తాళి, చేతిపనివాళ్ళ పనిముట్లు సార్.”

“పనిముట్లంటే?”

“వడ్రంగికి బాడిసె సార్. మా ఇంట్లో అయితే మగ్గం.”

“ఎందుకు వేయకూడదు?”

“మగ్గం ఎత్తుకుపోతే ఆ మనిషి దేంతో బతుకుతాడు సార్? అప్పు దేంతో తీరుస్తాడు?”

ఆయన కలం కింద పెట్టి నవ్వాడు. “బాగా చెప్పావయ్యా” అని సంతకం చేశాడు. ఈ ముచ్చట ఊళ్ళో కనబడిన ప్రతివాడికీ వారం రోజులు చెప్పుకున్నాను. మా నాయన అయితే ఇంకా ఎక్కువ రోజులు చెప్పుకున్నాడు.

లైసెన్సు ఒక్క ఏడాదికే. ఆ తర్వాత రెన్యువల్ చేయించుకోవాలి. ఏడాదిలో వేసిన వేలాల వివరం, ఫిర్యాదులేమైనా ఉంటే వాటి సంగతి రాసివ్వాలి. ఆ ఏడాది నా చేతికి వచ్చిన వేలాలు రెండే. ఒకటి కక్షిదారులు రాజీపడి ఆగిపోయింది, ఇంకోటి వానలో కొట్టుకుపోయింది. “పూర్తయిన సేల్ ఒకటైనా లేకుండా పోయినావంటే నీ ఫైలు ఏ మూల పడేస్తారో దేవుడికే ఎరుక” అని నేను గుమస్తాగా చేసిన ముసలి వేలందారు భయపెట్టాడు. గడువు ఇంకా నెల కూడా లేదు.

సరిగ్గా అప్పుడు తిరుత్తణి నుంచి పని వచ్చింది. ఒక నూలు వ్యాపారి, బాకీ కింద ఒక నేతగాడి మీద డిక్రీ తెచ్చుకున్నాడు. సామాను జప్తయింది. వేలం నాకు అప్పగించారు. పేరు చూస్తే మా వీధి దొరసామి మామ! వాళ్ళ ఇంటికీ మా ఇంటికీ మధ్యన ఒకటే గోడ. చిన్నప్పుడు వాళ్ళ గుమ్మంలో కూర్చుని కండెలు చుట్టినవాణ్ణి నేను. పని వద్దని తిప్పి పంపవచ్చు. పంపలేదు. నేను వెళ్తే మామకు నాలుగు డబ్బులు ఎక్కువ వచ్చేట్టు చూస్తాను కదా అని నాకు నేనే సర్దిచెప్పుకున్నాను.

లిస్టులో ఏడు లాట్‌లున్నాయి. లాట్ అంటే ఒక్క పాటలో అమ్మే సామాను. సైకిలు, గోడగడియారం, రేడియో, బెంచీ, ఇనప్పెట్టె, కుట్టుమిషను. ఏడోది: ‘పాత కొయ్య సామాను’.

వేలానికి ముందు ప్రతి లాట్‌నూ వేలందారు కళ్ళారా చూడాలని రూలు. పొద్దున రైలు దిగి వెళ్ళి చూశాను. మామ ఇంటి ముందు పందిట్లో ఏడో లాట్ తాళ్ళతో కట్టేసి ఉంది. నాలుగు గుంజలు, నేసిన బట్ట చుట్టుకునే పొడుగాటి దోనె, పోగుల్ని సర్దే పన్నె, తొక్కుడు చెక్కలు. విప్పి కట్ట కట్టినంత మాత్రాన నేతగాడి కొడుక్కి మగ్గం తెలియకపోతుందా? లిస్టు రాసినవాడు వ్యాపారి మనిషి చెప్పినట్టు రాసుకున్నాడని అర్థమైంది. వాడికి మగ్గమంటే ఏమిటో తెలియదనుకుందాం. నాకు తెలుసు.

మామ నన్ను చూసి ఎదురొచ్చాడు.

“వచ్చినావా మురుగేశా! నువ్వే వస్తా ఉండావని తెలిసినాకనే నా మనసు నిమ్మళపడింది” అంటూ మజ్జిగ తెప్పించాడు. నేను తాగుతుంటే పక్కన కూర్చుని మెల్లిగా అడిగాడు.

“అబ్బయా, మగ్గాన్ని కూడా ఎత్తుకుపోవచ్చునా వాళ్ళు? నాకు యాడ తెలుస్తాది ఇదంతా. నువ్వు సదివినోడివి, లైసెన్సు ఉండేవోడివి. చెప్పు.”

‘ఎత్తుకుపోకూడదు మామా, ఇప్పుడే కోర్టుకు పోయి ఒక అర్జీ ఇవ్వు’ అంటే అయిపోయేది. అర్జీ పడితే వేలం ఆగుతుంది. ఆగిన వేలం రెన్యువల్‌కు పనికిరాదు.

“లిస్టులో ఉండాది మామా” అన్నాను.

“లిస్టులో ఉంటే సరి. నువ్వే చెప్తా ఉండావు, ఇంగ నేనేం మాట్లాడేది” అని ఊరుకున్నాడు. ఆ మనిషి నోరు మూయించింది వ్యాపారి కాదు, కోర్టు కాదు, నా లైసెన్సు. కంచే చేను మేయడమంటే ఇదే.

గంట కొట్టి మొదలుపెట్టాను. ఆరు లాట్‌లూ చకచకా పోయాయి. గడియారం, రేడియో మా వీధివాళ్ళే పాడుకున్నారు. ఏడో లాట్ పిలిచి అప్‌సెట్ ప్రైస్ చెప్పాను, అంటే అంతకు తక్కువకు అమ్మకూడదని కోర్టు కట్టిన ధర. ఒక్కరూ పలకలేదు. మా వీధిలో ఒక కట్టుబాటు ఉంది. ఇంకొకడి మగ్గానికి పాట పాడితే మన మగ్గం మీది పడుగు తెగుతుందని అంటారు. అందరూ చేతులు వెనక్కి కట్టుకుని గోడవైపు తిరిగి నిలబడ్డారు. మా నాయన కూడా అలాగే నిలబడ్డాడు.

పాట రాకపోతే ‘నో బిడ్’ అని రాసి సామాను తిరిగి ఒప్పజెప్పాలి. రూలే నాకు దారి చూపించింది. నేను మాత్రం బెంచీ కోసం తిరువాలంగాడు నుంచి వచ్చిన కట్టెల డిపో ఆసామివైపు చూశాను. “టేకు అన్నా, బాగా ఎండిన టేకు” అన్నాను అరవంలో. అతను గుంజను గోటితో గీకి చూసి పాడాడు. ఒకటోసారి, రెండోసారి, మూడోసారి. సుత్తి కొట్టాను.

కన్నమ్మత్త, మామ భార్య, లోపల్నుంచి వచ్చింది. చేతిలో మగ్గంలో అటూ ఇటూ పోగు నడిపే నాడె ఉంది. “ఇది కూడా లిస్టులో ఉండాదా నాయనా?” అని అడిగింది.

“లేదత్తా, అది నువ్వే ఉంచుకో” అన్నాను. అలా అన్నప్పుడు నేనేదో దయ చూపించినట్టు నాకు అనిపించింది కూడా. సిగ్గులేనితనానికి అంతకంటే సాక్ష్యం వేరే అక్కర్లేదు.

బండికి ఎత్తేటప్పుడు కూలీలు దోనెను ఎక్కడ పట్టుకోవాలో తెలియక తికమకపడ్డారు. మామే వెళ్ళి ఒక కొస పట్టుకున్నాడు. “మెల్లిగన్నా, ఆ పన్నె ఇరిగిపోతాది” అని చెబుతున్నాడు, దాన్ని రేపు రంపం కింద పెట్టబోయే మనిషికి. నేను రిజిస్టర్‌లో తల దూర్చి రాసుకుంటున్నాను.

మా నాయన నోట లైసెన్సు ముచ్చట ఆ తర్వాత నేను వినలేదు.

రెన్యువల్‌కు వెళితే ఈసారి ప్రశ్నలేమీ లేవు. “ఫిర్యాదులున్నాయా?” అన్నారు. “లేవు సార్” అన్నాను. అది నిజమే. సీలు వేసి ఇచ్చారు. దొరసామి మామ పొన్నేరి దగ్గర ఒక రైసుమిల్లులో వాచ్‌మన్‌గా చేరి, అత్తను తీసుకుని వెళ్ళిపోయాడు.

1986లో ఒక మధ్యాహ్నం ఆయన నా గది మెట్లెక్కి వచ్చాడు. ఖాకీ చొక్కా, చేతిలో సంచి. కూర్చోమన్నా కూర్చోలేదు.

“మురుగేశా, మా మిల్లుకు వచ్చే వకీలు ఒక మాట చెప్పినాడు. మగ్గాన్ని ఏలం వేసేదానికి లేదంట గదా. ఒక అర్జీ ఇచ్చుంటే ఇడిచిపెట్టుండేవాళ్ళంట. నిజమా?”

“నిజమే మామా.”

“అప్పుడు నీకు తెల్దా?”

పక్క గోడమీద నా లైసెన్సు ఉంది. ఏ జవాబుకైతే నాకు దాన్నిచ్చారో, ఆ జవాబే ఇప్పుడు మామ అడుగుతున్నాడు.

“తెల్దు మామా. అప్పుడు నేను కొత్త గదా” అన్నాను.

మామ ముఖం తేటపడింది. కుర్చీ లాక్కుని కూర్చున్నాడు. “అదే మీ అత్తతో నేనూ చెప్పినా. వానికి తెలిసుంటే చెప్పకుండా ఉంటాడా, మన బిడ్డ గదా అని. రెండు దినాలుగా అన్నం కూడా సరిగా తినలా ఆమె. పొయ్యి చెప్పాల” అన్నాడు. సంచిలోంచి ఒక పొట్లం తీసి బల్లమీద పెట్టాడు. అత్త నాకోసం వేయించి పంపిన వేరుశనగలు. ఆ ఒక్క మాట వినడానికి పొన్నేరి నుంచి మద్రాసు పోయి, అక్కడ రైలు మారి వచ్చాడు. విని, సంతోషంగా తిరిగి వెళ్ళాడు.

లైసెన్సు ఫ్రేమును మరునాడు దింపి బీరువాలో పెట్టాను. అప్పటినుంచి రిటైరయ్యేదాకా, గంట కొట్టేముందు, వేలం వేయకూడని సామాను ఏమిటో అరవంలోనూ తెలుగులోనూ గట్టిగా చదివి వినిపించేవాణ్ణి. అందువల్ల కొందరు వ్యాపారులు నాకు పని ఇవ్వడం మానేశారు. కొన్ని మగ్గాలు, ఒక కమ్మరి కొలిమి, ఒక క్షురకుడి పెట్టె నా కళ్ళముందే వేలం నుంచి బయటపడ్డాయి. ఆ సామాను సొంతదార్లు నాకు దండం పెట్టినప్పుడల్లా తల ఎత్తలేకపోయేవాణ్ణి.

ఈ పనిలో నేను నేర్చుకున్నది ఇది: లైసెన్సు ఇచ్చేవాడు మనకు చట్టం తెలుసా అని అడుగుతాడు. తెలిసింది ఎదుటివాడికి చెబుతామా లేదా అని అడగడు. అది అడిగేందుకు దొరసామి మామ వంటివాడు రావాలి. ఆయన నన్ను రెండుసార్లు అడిగాడు. ఇప్పుడు ఆయన లేడు, అత్త కూడా లేదు. నేను చెప్పాల్సిన జవాబు అలాగే ఉండిపోయింది.

తెలుసు మామా. నాకప్పుడు తెలుసు.