మా చిన్నమ్మ చేన్లో దిగిన గ్రహాంతరవాసి

నేను హైదరాబాదులో టీవీకి కథలు రాసి బతుకుతాను. కిందటేడు ఒక సైన్స్ ఫిక్షన్ సిరీస్‌ రాసే జట్టులో పడ్డాను. అందులో వారం వారం భూమి నాశనం కాబోయేది, వీరులు వచ్చి కాపాడేవారు. చూసేవాళ్లకు ఊపిరాడడం లేదని, ముందువెనకల కథతో సంబంధం లేని సరదా భాగం ఒకటి కావాలని చానలువాళ్లు అన్నారు. అందరూ తప్పించుకున్నారు. నేను మాత్రం ఎగిరి గంతేశాను.

నా కథ ఇదీ. ఒక ఆకుపచ్చ గ్రహాంతరవాసి ఓడలో నీళ్లు అయిపోతాయి. భూమి నిండా నీళ్లేనని విని దిగుతాడు. దిగి దిగి, బనగానపల్లె పక్కన వాన మొహం చూడని చేన్లో దిగుతాడు. చేతిలో నీటిజాడ పట్టే పరికరం ఒకటి. ఆ చేను గల ఆవిడ అతన్ని బోరు పాయింట్ చూసే మనిషి అనుకుంటుంది. మా వైపు బోరు వేసే ముందు ఒకాయన అరచేతిలో కొబ్బరికాయ పెట్టుకుని చేనంతా తిరగాలి. కాయ నిటారుగా లేచిన చోట నీళ్లున్నట్టు. ఎన్ని బోర్లు ఎండిపోయినా పాయింట్ చూసే ఆయనకు మర్యాద తగ్గదు.

డైరెక్టరు కోస్తా మనిషి. చదివి నవ్వాడు కానీ నమ్మలేదు.

"ఆకుపచ్చగా ఉన్నవాణ్ని చూస్తే ఎవరైనా పరిగెత్తుతారు. కుర్చీ వేసి నీళ్లిస్తారా?"

"మావాళ్లు ఇస్తారు," అన్నాను. నాకు కోపం ముక్కు మీదే ఉంటుంది, గొంతు కాస్త లేచింది.

షూటింగు మా చిన్నమ్మ చేన్లోనే పెట్టించాను. పొద్దున్నే కబురు, చేను గల ఆవిడ వేషానికి రావలసిన నటికి జ్వరమని. అందరూ తలలు పట్టుకుని కూర్చున్నారు. అప్పుడే కెమెరా మోసేవాళ్ల మీద చిన్నమ్మ విరుచుకుపడింది.

"కంది చెట్లన్నీ తొక్కుతాండారే! కండ్లు యాడ పెట్టుకోనుండారు?"

డైరెక్టరు తలెత్తి చూశాడు. "ఈవిడే," అన్నాడు.

చిన్నమ్మ రెండు నిమిషాలు సిగ్గుపడింది, అంతే. తర్వాత ఆ ఆకుపచ్చ నటుణ్ని సొంత అల్లుణ్ని దబాయించినట్టు దబాయించింది. మధ్యలో పక్క చేను రైతు బండి మీద వచ్చాడు. చేతిలో కొబ్బరికాయ. నేరుగా ఆ నటుడి దగ్గరికే పోయాడు.

"అప్పా, ఈడ అయినాక మా చేన్లో గూడా ఒక పాయింట్ చూసిపో. బండి మీద దింపుతా."

ఒంటి మీద ఆ రంగేమిటని అనుమానం రాలేదా అని డైరెక్టరు అడిగాడు.

"పీర్ల పండక్కు ఒంటికి రంగు పూసుకునే మొక్కు ఏదో ఉంటాదిలే అనుకుంటి," అన్నాడు రైతు. డైరెక్టరు నా వైపు చూశాడు. నేను గడ్డం కొంచెం పైకెత్తాను.

ఇల్లలకగానే పండగ కాదు కదా. భాగం చూసిన చానలు పెద్దమనిషి, అంతా బాగుంది, ఆవిడ గొంతు మాత్రం మార్చాలన్నాడు. పట్నం అమ్మాయి చేత డబ్బింగు చెప్పిస్తారట.

"ఈ యాస వింటే జనానికి బాంబులు గుర్తొస్తాయి. నవ్వు రాదు."

నేను ఒంటికాలి మీద లేచాను. మావాళ్లు పొద్దున్నే లేచి బాంబులు వేసుకోరు, టీ తాగి చేనికి పోతారని చెప్పాను. ఆమె గొంతు తీసేస్తే నా పేరూ తీసేయండని చెప్పాను. పేరు తీయడం చాలా సులువు అన్నాడాయన. నిజమే, నా దగ్గర ఇంకో ఆయుధం లేదు. చివరికి డైరెక్టరు రెండు రకాలూ సిద్ధం చేసి పంపాడు. ఏది వేస్తారో తనకూ తెలియదన్నాడు.

ఈ గొడవ చిన్నమ్మకు చెప్పలేకపోయాను. ఆ భాగం టీవీలో వచ్చే ఆదివారం సాయంత్రం నేను ఊరు చేరేసరికి ఆమె వీధి వీధంతా పిలిచి, ఉగ్గాని బజ్జీ చేసి పెట్టుకుని, పట్టుచీర కట్టుకుని టీవీ ముందు కూర్చుంది. నేను బజ్జీ పళ్లెం పక్కన పెట్టేశాను. వేరే గొంతు వినిపించిందంటే, నీ మొహం పనికొచ్చింది కానీ నీ మాట పనికిరాలేదని వీధి అందరి ముందూ ఆమెకు చెప్పినట్టే. చెప్పించింది నేనవుతాను.

ఓడ దిగింది. ఆకుపచ్చాయన నడిచి వచ్చాడు. తెర మీద చిన్నమ్మ చెయ్యి కళ్లకు అడ్డం పెట్టుకుని చూసింది, నోరు తెరిచింది.

"ఏమప్పా, ఎండన పడి వచ్చినావు, యాడ మీ ఊరు? రా, ముందు నీళ్లు తాగు."

ఆమె గొంతే! ఆ గరుకుతో, ఆ దబాయింపుతో, అచ్చంగా ఆమెదే. వీధంతా గొల్లున నవ్వింది. నేను ఏడ్చాను, ఎవరు చూసినా సరేననుకుని ఏడ్చాను. ఇన్నేళ్లు రాసినదాంట్లో ఇంత గర్వం నాకు ఎప్పుడూ కలగలేదు.

చివర్లో అతను వచ్చింది నీళ్లు చూపించడానికి కాదు, అడగడానికని ఆమెకు తెలుస్తుంది. లోపలికి పోయి బిందె తెచ్చి చేతికిస్తుంది.

"నీళ్లు లేని ఊరికొచ్చి నీళ్లడుగుతాండావు, శానా అమాయకునివప్పా. తీస్కపో. మాకు రేపు ట్యాంకరొస్తాది."

అందరూ ఆమెను హీరోయిన్ అని ఏడిపిస్తూ ఇళ్లకు పోయారు. చిన్నమ్మ మాత్రం నవ్వలేదు, కదలకుండా కూర్చుంది. నాకు భయమేసింది.

"ఏం చిన్నమ్మా, నచ్చలేదా?"

"అది కాదు పాపా," అంది. "ఇన్నేండ్ల నుంచి టీవీలో చూస్తాండా. మన మాట మాట్లాడేటోళ్లంతా మనుషుల్ని నరికేటోళ్లే." కొంగుతో కళ్లు తుడుచుకుంది. "నేను నీళ్లిస్తి."