తామర కాని మచ్చ

పదవీ విరమణకు నాలుగేళ్ల ముందు, చర్మవ్యాధుల విభాగంలో సివిల్ సర్జన్‌గా సంగారెడ్డికి బదిలీ అయ్యాను. చుట్టూ ఫ్యాక్టరీలు కావడంతో రసాయనాలు తగిలి చేతులు పొక్కినవాళ్లే ఎక్కువగా వచ్చేవారు. నర్సింలు వచ్చింది అందుకు కాదు.

ఆయనది కొండాపూర్ మండలంలో ఒక పల్లె. అరవై దాటాయి. పాశమైలారంలోని ఒక మందుల కంపెనీలో తోటపని చేస్తూ, భార్య సత్తెమ్మతో చిట్కుల్‌లో కిరాయికి ఉండేవాడు. ఆమెను బయటే కూర్చోబెట్టి వచ్చాడు. తలుపు మూశాకే చెప్పాడు.

"రెండేండ్ల సంది గీడ దురద సారూ. తామర అన్నరు. మందుల షాపుల ఇచ్చినయన్ని రాసిన. జెర తగ్గుతది, మల్ల లేస్తది."

వృషణాల తిత్తి మీద ఒక పక్కన ఎర్రటి మచ్చ. తామర గజ్జల మడతల్లో పాకుతుంది, తిత్తిని సాధారణంగా వదిలేస్తుంది. ఇది తిత్తి మీదే ఉంది. అంచు గీసినట్టుంది, నడుమ తడి. పుస్తకాల్లో బొమ్మగా తప్ప నేనెన్నడూ చూడని జబ్బొకటి గుర్తొచ్చింది. మత్తు సూది ఇచ్చి, పెసరగింజంత చర్మం తీసి బయాప్సీకి పంపాను.

రిపోర్టు రాసేముందు పాథాలజిస్టు నన్ను పిలిచింది. మైక్రోస్కోపులో చూస్తే, చర్మం పైపొరలో పెద్దపెద్ద పాలిపోయిన కణాలు చెదురుమదురుగా ఉన్నాయి. పేజెట్ జబ్బు. మామూలుగా చనుమొన దగ్గర కనిపించే క్యాన్సర్, ఈ చోట రావడం చాలా అరుదు.

ఫలితం చెప్పే రోజు సత్తెమ్మ కూడా లోపలికి వచ్చేసింది. "యాడ తిరిగి తెచ్చుకున్నడో మీరే అడుగుండ్రి సారూ. రెండేండ్లాయె, నా పక్కకే వస్తలేడు."

నర్సింలు తలూపి అనుమతి ఇచ్చాక, ఇద్దరికీ చెప్పాను. ఇది క్యాన్సర్, చర్మంలో నెమ్మదిగా పాకుతుంది, ఆపరేషన్ కావాలి. ఆడవాళ్ల వల్ల వచ్చేది కాదు, ఎవరికీ అంటదు.

క్యాన్సర్ అన్న మాట ఆయన విన్నాడో లేదో. భార్య వైపు తిరిగాడు.

"ఇన్నవా? అంటుకునేది గాదంట."

"మరి గిన్నొద్దులు నాకెందుకు చెప్పకపోతివి?"

"నీకు గూడ అంటుతదేమో అని భయమైంది."

ఆమె కొంగు నోటికి అడ్డం పెట్టుకుని కూర్చుంది.

ఇలాంటి మచ్చ వెనక మూత్రాశయంలోనో, పెద్దపేగు చివరనో మరో గడ్డ ఉండొచ్చు కాబట్టి అవీ పరీక్ష చేయించాం. ఏమీ లేదు. హైదరాబాద్‌లో మచ్చను చుట్టూ కొంత మంచి చర్మంతో సహా తీసేశారు. ఒక అంచులో క్యాన్సర్ కణాలు మిగిలాయని తేలితే మళ్లీ కోసి, తొడ చర్మం అతికారు. ఆ తర్వాత పరీక్షలకు ఇద్దరూ కలిసే వచ్చేవారు. నేను ఆయన్ని అడిగితే సత్తెమ్మే జవాబు చెప్పేది.

పూత మందుకు లొంగని మచ్చ ఆ చోట ఉంటే, ఇంకో పూత మందు రాయకుండా ముక్క తీసి చూడమని జూనియర్లకు చెబుతూ వచ్చాను. జబ్బు పేరు కంటే ముందు, అది ఏది కాదో రోగికి చెప్పాలని కూడా.